చుక్క తేడా

స్లిప్ టెస్టు కాగితం మీద మొదటి ఎర్ర గీత
లెక్క తప్పినందుకు పడలేదు, అక్షరం తప్పినందుకు పడింది.
"అర్థ సమీకరణం" అని రాశాను.
నుస్రత్ టీచర్ థ కడుపులోని చుక్క చుట్టూ సున్నా చుట్టి
"ఈ చుక్క తీసెయ్ రూతూ.
ఇది సగం. అర్థం ఇంక రాలే" అంది.
క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వాను, నిజంగానే రాలేదు కాబట్టి.

వారాసిగూడ బడిలో పై అంతస్తు రేకుల గది.
శివరాత్రి వెళ్ళిన వారానికే
సుద్దముక్కకి కూడా చెమట పట్టేది.
ఒక గాజు గ్లాసు, ఉప్పు నీళ్ళు,
రెండు చివర్లా చెక్కిన పెన్సిళ్ళు,
టీచర్ స్కూటీ డిక్కీలోంచి తీసిన తొమ్మిది వోల్టుల బ్యాటరీ.
తీగలు తగిలించగానే ములుకుల చుట్టూ బుడగలు.
ఒక పక్క నుంచి వాసన.
రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళలో
మొదటి బిందె మూతి దగ్గర గుప్పుమనే వాసన.
"క్లోరిన్" అంది టీచర్.
"మా నల్లా" అన్నాను.

చూడటం తేలికే. రాయటమే రాలేదు.
2Cl⁻ → Cl₂
అని పెట్టి చేతులు కట్టుకున్నాను.
"అటు రెండు మైనస్‌లున్నయి. ఇటు ఏవి?
ఎవరు తిన్నరు?"

ఓంకార్ సేటు కూడా అచ్చం ఇదే గొంతుతో అడిగేవాడు.
అరువు రేపు అని రాసిన పలక కిందే కూర్చుని
ఉద్దెర బుక్కులో మా పేజీ తిప్పేవాడు.
పేజీ మీద అమ్మ పేరుండదు,
"కుట్టుమిషన్ ఇల్లు" అని ఉంటుంది.
అదే లెక్క మా ఇంట్లో
చర్చి క్యాలెండరు వెనక పెన్సిలుతో.
అక్కడ బియ్యం పోయాయి, ఇక్కడ బియ్యం వచ్చాయి.
ఒకే బేరం, చెరో సగం రాసుకున్నారు.
ఈ సగానికి ఆ సగం ఒప్పుకోకపోతే
ఆ నెలంతా ఇద్దరికీ మాటల్లేవు.

మధ్యలో తిరిగేది నేను.
"నువ్వు చిన్నదానివి, నిన్ను కాదనడు"
అని అమ్మ సంచీ చేతికిచ్చేది.
చీటీ ఉండదు. నోటితో చెప్పాలి:
అరకిలో కందిపప్పు, పావుకిలో నూనె,
పైసలు శనివారం.
ఆ చివరి రెండు మాటలు
ఎంత చిన్నగా అనొచ్చో అంత చిన్నగా అనేదాన్ని.

"ముందు పరమాణువులు లెక్కపెట్టు. తర్వాత ఆవేశాలు.
తక్కువపడ్డ దిక్కు ఎలక్ట్రాన్లు పెట్టు.
దాని మీదున్న మైనస్‌ని తెలుగుల ఏమంటరు?"
"రుణావేశం టీచర్."
"రుణం అంటే?"
నాకు తెలుసు. చెప్పలేదు.
వెనక బెంచీలోంచి సౌగంధిక అరిచింది,
"ఉద్దెర, టీచర్!"
ఈసారి నేను నవ్వలేదు.

2Cl⁻ → Cl₂ + 2e⁻
మోసుకొచ్చిన రుణం పెన్సిలుకి అప్పజెప్పి
క్లోరిన్ తేలికై గాలిలోకి లేచిపోయింది.
ఆ రెండే తీగ వెంట తిరిగి తిరిగి
అవతలి పెన్సిలు దగ్గర నీళ్ళకి చేరాయి.

రెండు సగాలూ ఒకదాని కింద ఒకటి రాసి
కూడమంది టీచర్.
రెండు దిక్కులా సమానంగా ఉన్న ఎలక్ట్రాన్లని
కొట్టేయమంది.
కొట్టేశాను.
కింద మిగిలినదాంట్లో
ఉప్పుంది, నీళ్ళున్నాయి, బుడగలైన రెండు వాయువులున్నాయి, క్షారముంది.
తిరిగినవి లేవు.
"ఏడికి పోయినయి టీచర్?"
"ఏడికీ పోలే. పని చేసినయి.
లెక్క కలిసింది గదా, ఇంక కనబడయి."

ఆ శనివారం జాకెట్ల డబ్బులొచ్చాయి.
సేటు మా పేజీకి అడ్డంగా గీత కొట్టి
డబ్బాలోంచి ఒక పిప్పరమెంటు తీసిచ్చాడు.
ఇంటికొచ్చాక అమ్మ క్యాలెండరు మీద గీత కొట్టింది.
రెండు గీతలూ చూసింది
నేనొక్కదాన్నే.

పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది, రెండు మార్కులకి.
చుక్క లేకుండా సగం అని రాశాను.
బాణం గీశాను.
ఎలక్ట్రాన్ నెత్తి మీది మైనస్‌ని మాత్రం
అవసరానికి మించి
కొంచెం ఒత్తి గీశాను,
వెనక పేజీలో వేలికి తగిలేంత.