మారెమ్మ పడవ

ఎస్తోనియా అంటే యాడుందో
మా మాధవమాలలో ఎవురికీ తెలవదు.
ఏర్పేడు కాలేజీలో పాఠాలు చెప్పే ఆయమ్మ
మా మిద్దె మింద గది బాడిక్కి దిగిన దినం
పేరు మారికా అనింది.
మా చెంగమ్మ చెవికి అది మారెమ్మగా చేరింది.
ఆ పేరుకే పలికింది, పాపం.

ఒక ఆదివారం నా ముందర కాగితం పరిచింది.
చేప ముల్లు మాదిరి గీతలు.
"ఆచారీ, దీన్ని చేద్దామా?"

నలభై ఏండ్లుగా నా ఉలికి తెలిసింది
గరుత్మంతుని ముక్కు, అలమేలమ్మ చేతి తామర,
కాలు మడిచి నిలబడిన కృష్ణుడు.
నీళ్ళ మింద పోయేది ఒకటీ లేదు.
మా సువర్ణముఖి పారేదే
తుఫాను వచ్చిన ఏడు, నాలుగు దినాలు.
"దేంట్లో వదిలేదమ్మా?" అంటే
"ముందు చేద్దాం, నీళ్ళు తర్వాత" అనింది.
నాకది పిచ్చిమాటగా తోచలే.
మేమూ అంతే గదా,
ముందు దేవుణ్ణి చేస్తాం,
గుడి ఎవురో తర్వాత కట్టుకుంటారు.

రేకుల షెడ్డులో దేవుళ్ళని ఒక వారకి జరిపినాం.
వెన్నుకి టేకు, పక్కటెముకలకి మద్ది.
పలకలు మద్రాసు నుంచి లారీలో వచ్చినాయి.

బొమ్మకైతే
కర్ర లోపల ఉండేదాన్ని బయటికి పిలుస్తాం,
అక్కర లేంది రాలిపోతుంది.
పడవకి అట్ల గాదు, కర్రని ఒప్పించాల.
మరిగే నీళ్ళలో గోనె ముంచి, కప్పి,
పొద్దు గూకేదాకా పక్కనే కూర్చోని
వంగుతావా తల్లీ, వంగుతావా అని అడగాల.
మొదటి పలక ఫట్‌మని విరిగింది.
ఆయమ్మ వాళ్ళ బాసలో ఏందో తిట్టింది.
ఆ ఒక్కటీ నాకు బాగా అర్థమైంది.

వాళ్ళ దీవి కాడ చలికాలం సముద్రం గడ్డ కడతాదంట,
మనుషులు దాని మింద నడిచి పోతారంట.
"మాకూ అంతేనమ్మా,
ఏటి మింద నడిచే పోతాం" అన్నా.
చేతిలో ఉలి కింద పెట్టి
ఇద్దురమూ శానాసేపు నవ్వినాం.

తెరచాప కుట్టింది శామియానా ఖాదర్‌వలీ.
"పెండ్లికా, చావుకా?"
"గాలికి."
టేపు మెడలో వేసుకొని
నా మొహం తేరిపార చూసినాడు.

కారతాదో లేదో తెలియాల.
పడవని నీళ్ళలో పెట్టే దారి లేక
నీళ్ళనే పడవలో పోసినాం.
ట్యాంకరు కాడ బిందెల వరసలో ఆడోళ్ళు
మమ్మల్ని తిట్టని తిట్టు లేదు.
మూడు చోట్ల చుక్క దిగింది.
సుద్దముక్కతో సున్నాలు చుట్టినాం.
మిగిలిన నీళ్ళు చెంగమ్మ
చెంబు చెంబుగా వంగచెట్లకి పోసింది.

తీరా చూస్తే జానెడు ఎక్కువై
పడవ షెడ్డు గుమ్మంలో ఇరుక్కుంది.
అంత కొలిచిన వాళ్ళం, తలుపు కొలవలే.
రేకులు విప్పినాం.

బొలేరోలో తాళ్ళు కట్టి తడ దాటి పులికాట్‌కి.
ఒడ్డున జాలరి పిల్లోడు చెయ్యి పెట్టి నిమిరినాడు.
"ఇంత నునుపెందుకు తాతా,
చేపలొచ్చి దండం పెట్టాల్నా?"

నాకు ఈత రాదు. అయినా ఎక్కినా.
గాలి వచ్చి చాప కడుపు నింపినప్పుడు
నా అరికాలి కింద కర్ర గొణిగింది.
ఇన్నేండ్లలో నేను చేసింది ఏదీ
నాకు బదులు చెప్పి ఎరగదు.
ఆయమ్మ చుక్కాని పట్టుకొని
ఒకే దిక్కు చూస్తా ఉండాది.
ఆ దిక్కున ఏముందని నేను అడగలే.

పోయిన నెల బెంగళూరు సేటు
నా కొత్త గరుత్మంతుణ్ణి ఇట్లా అట్లా తిప్పి
"ఏంది ఆచారీ, ఈ రెక్క ఒక పక్కకి ఉబ్బింది?" అన్నాడు.
నిజమే, ఉబ్బింది.
చెయ్యి జారింది లే సామీ,
రెండొందలు తగ్గించి ఇయ్యి, అన్నా.