మూడు చుక్కలు

కలెక్టరాఫీసు ఎదురుగా జిరాక్సు అంగడి నాది.
సోమవారం అర్జీల రోజు.
పలమనేరు ఫస్టు బస్సుకే దిగినాడు
మా చిన్నాయన కదిరప్ప,
ఎరువు సంచిలో మడిచిన కాగితంతో.

"రెండు కాపీలు తియ్‌ పాపా.
డబ్బులు తీసుకోవాల, అంగడి అంగడే."

చిత్తూరు ఇంకా ఆర్కాటు కింద ఉన్ననాటి
రిజిస్టరు నకలు.
మూడెకరాల పదకొండు సెంట్లు,
సెంటు గూడా వదల్లేదు.
ఎర్ర గరప నేల, తరం ఏడు,
శిస్తు రూపాయి పన్నెండణాలు,
గట్టున చింతమాన్లు రెండు, పాడుబడ్డ బావి ఒకటి.
పట్టాదారు పేరు అన్నచోట

. . .

ఆ కొలతల పొద్దు
గొలుసు ఒక కొస పట్టుకున్నది మా ముత్తాత పోలడే.
కంపల్లో పలుగురాళ్లలో లాగినాడు,
హద్దురాళ్లు నెత్తిన మోసినాడు,
దొర గుర్రానికి గడ్డి కోసినాడు.
మాపటేళ కరణం గుడారం ముందర కూచోని
"ఈ చేను ఎవురిది రా" అనింటే
చెప్పేదానికి పదడుగుల దూరంలో,
వాళ్లు నిలబడమన్న దూరంలో,
నిలబడే ఉన్నాడు.
అడగలేదు.
కలం మూడుసార్లు ఆనించి
పేజీ తిప్పినాడు.

శిస్తుకు మాత్రం పేరు తెలిసేది.
కిస్తీ తప్పిన ఏడు
ఎండలో వంగదీసి వీపు మీద బండ పెట్టి
"పోలిగా" అని
పేరు పెట్టే పిలిచినారంట.

మా జేజి ముగ్గేస్తా అనేది:
చుక్కలు పెట్టి లేచిపోతే అది ముగ్గు కాదే,
కోడి గెలికిన పిండి.

దొరలు పోయినారు. రిజిస్టరు పోలేదు.
అట్ట మార్చినారు, బీరువా మార్చినారు,
ఇంగ్లీషు చుక్కల్ని తెలుగులోకి దించినారు.
చుక్కలే గదా,
తర్జుమాకు కష్టం కాలేదు.

పోయిన కార్తీకంలో కౌండిన్య అడివి దిగి
ఏనుగులు పడినాయి.
టమోటా తోట కాళ్లకింద పచ్చడయింది.
పక్క చేనాయనకు పరిహారం వచ్చింది.
ఈయన్ను అడిగినారు, నీదేనని రుజువేంది?
ఏనుక్కి ఆ అనుమానం రాలేదు.
రెండు చేన్లూ ఒకే రకంగా తొక్కింది.

కాగితం బోర్లా పెట్టి మూత దించినా.
పచ్చ వెలుగు అటునించి ఇటు పాకింది.
కాపీలో నాలుగు చుక్కలు.
గాజు తుడిచి మళ్లీ తీసినా.
మూడు.

చిన్నాయన కాపీని వెలుతురుకు పట్టి చూసినాడు.
"తీరిక లేక కాదు పాపా.
పోలడు అని రాసేదానికి మూడక్షరాలే.
వాడు మూడు చుక్కలు పెట్టినాడు.
అంత పనే పట్టింటుంది."

నాలుగు రూపాయలు బల్ల మీద పెట్టి
నా పెన్ను తీసుకొని
అర్జీ ఫారం గోడకు ఆనించినాడు.
దాంట్లోనూ పేరు అన్నచోట
ఈ చివర నించి ఆ చివరకు చుక్కలే.
వాటి మీదనే
ఒత్తి ఒత్తి, కాగితం చిరిగేట్టుగా,
ఇంటిపేరుతో మొదులుపెట్టినాడు.

పెన్ను తిరిగియ్యలేదు.