అర వాటు

నాలుగేళ్ళు
చీపురు కర్రతో పైకప్పు పొడుస్తూ బతికాను.
నాది నైట్ డ్యూటీ, పగలు పడుకోవాలి.
పై వాటాలో ఇల్గ్‌వార్స్.
లియెపాయలో మూసేసిన సినిమా హాల్లోంచి
రెండు హారన్ స్పీకర్లు ఊడదీసి
చేపల లారీలో రీగాకి తెచ్చుకున్న మనిషి.
ఒక్కొక్కటి బీరువా అంత.
వాటి కాళ్ళ దగ్గర ఆంప్లిఫయర్,
నూట ఇరవై వాట్లది, పొయ్యిలా కాగేది.
ఆయన మీట నొక్కితే
నా అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి ఒరుసుకునేవి.

మార్చిలో,
దౌగవ మీద మంచు పలకలు ఇంకా తేలుతుండగానే,
ఒక మంగళవారం పైనుంచి చప్పుడు లేదు.
బుధవారమూ లేదు.
గురువారం నాకు నిద్ర పట్టలేదు.

వార్డులో ఇరవై ఆరేళ్ళు చేశాను.
చప్పుడు ఆగిపోవడమంటే ఏమిటో
నాకెవరూ చెప్పక్కర్లేదు.
మెట్లెక్కాను,
చేతిలో చీపురు కర్ర ఎందుకుందో తెలియకుండానే.

తలుపు తీశాడు. బతికే ఉన్నాడు.
చొక్కా మీద టంకం మరక, చెవి సందున పెన్సిలు.
"ఆంప్లిఫయర్ పోయింది" అన్నాడు,
అయినవాళ్ళు పోయినట్టు కాదు,
అద్దెకున్నవాడు ఖాళీ చేసినట్టు.

బల్ల మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా.
హెడ్‌ఫోన్లలో వినడానికని కొన్న డాక్.
పాత హెడ్‌ఫోన్ వైరు మెడ కోసి
నాలుగు పోగులూ విడదీసి
రెండు ఈ హారన్‌కి, రెండు ఆ హారన్‌కి
తిన్నగా కట్టేశాడు.
మధ్యలో దళారీ లేడు.

"చెవిలో గుసగుసలాడే దాంతో
హాలు నింపిస్తావా?
చీమ చేత రథం లాగించినట్టే" అన్నాను.
నాకూ కొంచెం తెలుసు,
మా నాన్న రేడియో ఫ్యాక్టరీలో కాయిల్స్ చుట్టేవాడు.

ఇల్గ్‌వార్స్ నవ్వాడు.
"ఇవి పుట్టిన రోజుల్లో వాట్లు ఎక్కడివి?
పది వాట్లకే నాలుగొందల మంది ఏడ్చేవాళ్ళు.
ఆకలి లేని నోళ్ళు.
కూరింది నేనే, ఇన్నాళ్ళూ."

తర్వాత, పసివాళ్ళకి పొయ్యి చూపించినట్టు,
వైర్లు చూపించాడు.
"ఎడమ మైనసూ కుడి మైనసూ
ఎప్పటికీ తాకకూడదు.
కలిశాయా, డబ్బా మాడిపోతుంది."
గుర్తు కోసం ఒకదానికి నీలం నూలు చుట్టాడు.
రెండోదానికి వెల్తా గోళ్ళ రంగు పూశాడు.
వెల్తా పోయి ఆరేళ్ళు.
ఆ సీసాలో రంగు ఇంకా ఎండలేదంటే
మూత ఎంత బిగించి దాచాడో.

మొదట వినిపించింది పాట కాదు.
ఏమీ లేకపోవడం.
హారన్ మూతి దగ్గర చెవి పెట్టమన్నాడు.
ఇదివరకు అక్కడ పాము బుసకొట్టేదట.

అప్పుడు చెల్లో.
గదిలో కూర్చున్న మనిషంత,
అంతకంటే పెద్దది కాదు.
విల్లు ఎత్తి మళ్ళీ తీగ మీదికి దించే ముందు
వాయించేవాడు ముక్కుతో గాలి పీల్చాడు.
ఆ శబ్దం నాకు తెలుసు.
రాత్రి మూడింటికి పదకొండో మంచం మీదికి వంగి
నేను వెతుక్కునేది దాన్నే.

అంతా బాగుందని చెప్పను.
అడుగు స్వరాలు పలచబడ్డాయి,
మజ్జిగలో నీళ్ళు ఎక్కువైనట్టు.
వేరే రికార్డింగ్ పెడితే
మొదటి డ్రమ్ము దెబ్బకే
డబ్బా మీద ఎర్రదీపం వెలిగి
గొంతు పట్టేసింది.
ఆయన కంగారు పడలేదు.
వైరు పీకి, పెట్టి, వాల్యూమ్ రెండు గీతలు దించాడు.
"గట్టిగా అడిగితే మూర్ఛపోతుంది.
మనమే కాస్త దగ్గరికి జరగాలి."

సరేనని కుర్చీ ముందుకి లాక్కున్నాను.
నేల మీద కాళ్ళు గీసుకుని
కర్రుమని ఎంత చప్పుడో.
ఇద్దరం ఒక్క క్షణం ఆగి విన్నాం.
కింద పొడిచేవాళ్ళెవరూ లేరు.