కొసరుకు ముద్ర లేదు

ఇరవై తొమ్మిదేళ్లు నేను కిలోలకు ముద్ర కొట్టాను.
తూనికలు కొలతల శాఖ, మలక్‌పేట గంజ్ దగ్గర ఆఫీసు,
చేతిలో సుత్తె, సంచిలో అంకెల అచ్చులు.
తూకం రాయి అడుగున గుంటలో సీసం, దాని మీద ఒక్క దెబ్బ:
అది కిలోయేనని సర్కారు ఒప్పుకున్నట్టు.
పెళ్లిచూపుల్లో మామగారు అడిగారు, అసలు పనేమిటని.
"రాయిని రాయేనని చెప్పడం" అన్నాను.
ఆయన నవ్వలేదు.

పారిస్‌లో గాజు గంటల కింద
ఎవరూ ముట్టుకోని ప్లాటినం ముద్ద ఒకటుండేదట,
లోకంలోని కిలోలన్నిటికీ తల్లి.
నూరేళ్లకు తూచి చూస్తే
తల్లికీ పిల్లలకీ యాభై మైక్రోగ్రాముల తేడా.
తల్లి చిక్కిందా, పిల్లలే ఒళ్లు చేశారా
తేల్చడానికి తరాజు లేదు,
తరాజుకు ఆధారమే ఆ తల్లి కదా.
అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.
ఉస్మాన్‌గంజ్‌లో తరాజులు బాగుచేసే గయాసుద్దీన్ సాబ్‌కి చెబితే
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
"జానే దో సార్, మా గల్లీ దుమ్మే
రోజూ అంతకన్నా ఎక్కువ పడతది" అన్నాడు.

ఇప్పుడా ముద్దకు రిటైర్మెంటు ఇచ్చారు, నాకిచ్చినట్టే.
కిలో ఇవాళ ఒక అంకె మీద నిలబడింది,
దశాంశ బిందువు తర్వాత ముప్పై మూడు సున్నాలు దాటితే గాని
మొదలవని అంకె.
అది చిక్కదు, దుమ్ము పట్టదు.
లంచం పట్టదని కూడా రాశాను. కొట్టేశాను.

మూసారాంబాగ్‌లో, ఇప్పుడు మెట్రో స్తంభం ఉన్నచోటే,
తొంభై ఎనిమిదిలో ఈరవ్వ తరాజు పట్టుకున్నాను.
తట్ట అడుగున చింతపండు అంటించి ఉంది. ముప్పై గ్రాములు.
నేను కేసు రాస్తుంటే
నా సంచిలో రెండు కరివేపాకు రెబ్బలు పడేసింది,
తర్వాత గుప్పెడు పచ్చిమిర్చి,
మొగ్గు చాలలేదన్నట్టు ఇంకో టమాటా.
ఇది లంచమా అన్నాను.
"కాదు సారూ, కొసరు.
గుంజేది గుంజుకుంట, ఇచ్చేది ఇస్త.
రెండు లెక్కలూ కలపకు."

జరిమానా అయితే రాశాను.
ఇంటికెళ్లి తూచాను: కోత ముప్పై, కొసరు నూట పది.
ఈ మిగులును ఏ రిజిస్టర్లో, ఏ గడిలో రాయాలో
ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు పది నిమిషాల్లో కూరగాయలొస్తాయి.
అరకిలో బెండకాయలంటే అరకిలోనే.
అలవాటు చావక నా పాత రాళ్లతో తూస్తాను.
ముల్లు నిటారుగా నిలబడుతుంది,
అసెంబ్లీ గేటు ముందు కానిస్టేబుల్లా.
మొగ్గు లేని తూకం చూస్తే ఎందుకో భయం నాకు,
ఎవరో మర్యాదగా తిట్టినట్టుంటుంది.
కొత్తిమీర కావాలా? పన్నెండు రూపాయలు, విడిగా, బార్‌కోడ్‌తో.

తెచ్చిన కుర్రాడి పేరు ఫోన్లో కనపడింది:
వంశీధర్, నాలుగు పాయింటు ఎనిమిది.
నాలుగు పాయింటు ఎనిమిది ఏమిటి బాబూ, గ్రాములా?
"చుక్కలు అంకుల్."
వానలో నిలువునా తడిసి ఉన్నాడు.
తువ్వాలు తెచ్చేలోపే వెళ్లిపోయాడు, టైం అయిపోతుందని.
తలుపు దగ్గర నీటి మడుగు, చేతిలో పొడి తువ్వాలు,
మిగతా పాయింటు రెండు ఎక్కడ పోయిందని నాకు ఒకటే ఆలోచన.
ఏ తట్ట అడుగున ఎవరు అంటించారు ఆ చింతపండు?
చెక్ చేయడానికి ఎవరిని పంపుతారు? నన్నయితే పంపరు.

నిన్న ఈరవ్వ దగ్గరికి నడిచి వెళ్లాను.
ఎలక్ట్రానిక్ తరాజు కొన్నది, మనవరాలి పోరు పడలేక.
పక్కన డబ్బులు పడితే మాట్లాడే డబ్బా.
నన్ను గుర్తుపట్టిందో లేదో చెప్పలేను, చూపు ఆనడం లేదట.
పావుకిలో వంకాయలు తూచింది. సంచిలో పోసింది.
తట్ట ఖాళీ అయింది, తెర మీద సున్నా వచ్చింది,
అప్పుడు వేసింది గుప్పెడు మిర్చి.

పదిహేను రూపాయలు అందాయని డబ్బా అరిచింది.
మిర్చి సంగతి ఎత్తలేదు.