నిత్కా

"ముప్పై ఏళ్లు బతుకుతుంది" అన్నాడు ఫాబియన్
డబ్బా మూత సగమే తెరిచి.
నా తెల్లబడ్డ పాపిట దగ్గర చూపు ఆపి
మర్యాదకి ఇంకేమీ అడగలేదు.

అరవై మూడు, అన్నాను అడక్కుండానే.
ఈ వూచ్ నగరంలో మిల్లు మూతపడేదాకా
గుడ్డ తనిఖీ చేసినదాన్ని.
తప్పు పోగు ఎక్కడుందో వేలికి తెలుస్తుంది.
ముందు దాన్ని చూడనివ్వు.

వెన్నరంగువి, పసుపు మచ్చలవి, ఖరీదైనవన్నీ పై అరలో.
నేనడిగింది కింది అరలో మామూలు గోధుమరంగు పిల్లని.
కళ్లు తేటగా ఉన్నాయి. ముక్కు దగ్గర బుడగల్లేవు.
పొలుసుల సందుల్లో మిరియప్పొడిలా కదిలే పురుగుల్లేవు.
వెన్ను నిమిరితే కత్తి వాదరలా తగల్లేదు,
నిండుగా చుట్టిన నూలుకండెలా ఉంది.
"నా ముందు తిననివ్వు" అన్నాను.
చచ్చిన ఎలుకపిల్లని వేడినీళ్లలో కరిగించి
పటకారుతో ఆడించాడు.
అది ఒక్క క్షణం ఆలోచించింది.
ఆ ఆలోచనే నాకు నచ్చింది.

పేరు నిత్కా. మా భాషలో దారప్పోగు.

గాజుపెట్టె కిటికీకి దూరంగా, వంటింటి గోడవైపు.
ఒక కొసన ముప్పైరెండు డిగ్రీలు, ఇంకో కొసన ఇరవై ఆరు,
రెండు కొసలా చెరో బొరియ.
వెచ్చదనం కావాలా, దాక్కునే చోటు కావాలా
అని ఎవర్నీ తేల్చుకోమనకూడదు.
(నన్నొకసారి తేల్చుకోమన్నారు. అది వేరే కథ.)
తలుపుకి తాళం. వేలెడు సందు చాలు దానికి.

ఎదురింటి జెనోన్ గడప దాటడు.
"పక్కలో పాముని పెట్టుకుంటున్నావు, బోగుమీవా.
పాలకెంత అవుతుందేమిటి నెలకి?"
పాలు తాగదయ్యా, గిన్నెడు నీళ్లు చాలంటే
నేనేదో దాస్తున్నట్టు చూస్తాడు.

పైనుంచి వచ్చే చెయ్యి దానికి గద్ద.
పక్కనుంచి, అడుగునుంచి వచ్చేది కొమ్మ.
కొమ్మ కావడం నేర్చుకున్నాను.
తిన్నాక రెండ్రోజులు ముట్టను.
ఎలుక వాసన చేతికి ఉంచుకుని కరిచిందంటే
తప్పు దానిది కాదు.

నా కుడిచెయ్యి రెండేళ్లుగా వణుకుతోంది.
డాక్టర్లు దానికో పేరు పెట్టారు, నేను పలకను.
కప్పు పట్టుకుంటే టీ ఒలుకుతుంది.
నిత్కా మాత్రం మణికట్టుకి రెండు చుట్లు చుట్టి
అలాగే ఉండిపోతుంది.
కొమ్మకి గాలి తగిలిందనుకుందేమో.

చలికాలం తిండి మానేసింది. తొమ్మిది వారాలు.
ప్రతి ఆదివారం పిండి తూచే కాటా మీద:
ఆరొందల నలభై. ఆరొందల ముప్పైఆరు.
ఫోన్లో ఫాబియన్, "కంగారొద్దు, దాని కాలం అది" అన్నాడు.
సరే, నేనూ మా ఆయన పోయిన ఏడు
అంతేగా చేశాను.

ఫిబ్రవరిలో మంచుగాలికి తీగలు తెగాయి.
వీధంతా చీకటి. రాత్రి పదికి పెట్టెలో పంతొమ్మిది.
దాన్ని బట్టసంచిలో వేసి, మూతి ముడేసి
కోటు లోపల, రొమ్ము పక్కన పెట్టుకుని కూర్చున్నాను.
పక్కలో పాము అంటే ఇదే మరి.
అర్ధరాత్రి తలుపు చప్పుడు:
గ్యాసు పొయ్యి మీద కాచిన నీళ్లసీసా,
ఉన్ని మేజోడు తొడిగి, జెనోన్ చేతిలో.
"నీకోసమే తెచ్చాను, దానికోసం కాదు."
గడప మీదే స్టూలు వేసుకుని తెల్లారేదాకా కూర్చున్నాడు.
గంటకోసారి గొంతు తగ్గించి
"కదులుతోందా?"
కదులుతోంది.

మార్చిలో కుబుసం విడిచింది, ఒకే ముక్కగా,
కంటిపొరలతో సహా.
తడిపి, కిటికీ వెలుతురుకి ఎత్తి
పాత అలవాటు కొద్దీ కొసనుంచి కొసకి వేళ్లు నడిపాను.
ఒక్క పోగూ తెగలేదు.
మొదటి రకం అని బల్లమీద చాక్‌పీసుతో రాశాను, తుడిచేశాను.

సొరుగులో ఒక కాగితం ఉంది.
"అప్పటికి నాకూ యాభై దాటుతాయి" అని ఫాబియన్ నవ్వినా
అతని పేరే రాశాను.
కింద, వణికిన అక్షరాల్లో:
పైనుంచి చెయ్యి వెయ్యొద్దు.