లెక్క నిండింది

శ్రీకాకుళం సర్వే ఆఫీసు, వెనక గది.
కారే ఏసీ కింద బకెట్టు పెట్టి చాన్నాళ్లయింది.
కొత్త డిస్కులు నిన్ననే బిగించాను.
అట్టపెట్టెలింకా గుమ్మం దగ్గరే ఉన్నాయి.

పెరుగు, అన్నాను సర్వర్ని.
పెరగలేదు.
పదహారు టెరాబైట్ల దగ్గర ఆగి
ఒక్క ముక్క చెప్పింది:
కొత్త కొలత ముప్పై రెండు బిట్లలో ఇమడదు.

మెళియాపుట్టి మీద డ్రోను తీసిన బొమ్మలు
లోపలికి రాలేక బయటి డ్రైవులో కూచున్నాయి.
పేరులోనే పుట్టి ఉన్న ఊరు,
నా దగ్గర సోలెడు చోటు లేదు.

కాదు, చోటుంది.
అదే చెప్పలేకపోయాను ఫోన్లో సారుకి.
"డిస్కులు కొన్నాం కదమ్మా" అన్నాడాయన, రెండుసార్లు.

రాత్రి కాపలా తవిటయ్య తాత,
ఒకప్పుడు ఇదే ఆఫీసుకి గొలుసు పట్టినవాడు,
తలుపు వారగా నిలబడి అడిగాడు:
"ఏటమ్మా, గరిసి నిండిపోనాదేటి?"
"లేదు తాతా, గరిసెలో చోటుంది.
కొలిచేవాడికి అంకెలైపోయాయి."

అతనికి చెబుదామని మొదలెడితే
ముందు నాకే తెలిసింది.
నాలుగు మానికలు ఒక కుంచం.
నాలుగు కిలోబైట్లు ఒక బ్లాకు.
కుంచానికో నంబరు,
నంబరుకి ముప్పై రెండు గళ్ళు.
గళ్ళన్నీ ఒకట్లతో నిండిన రోజు
ధాన్యం ఉన్నా, గరిసె ఉన్నా
తర్వాతి కుంచానికి పేరుండదు.
పేరు లేనిదాన్ని ఏ మూలని వెతకను?

సర్వరు పెట్టిననాడు ఎవరో
ఇన్ని గళ్ళు చాలనుకున్నారు.
తప్పనలేను. అప్పుడున్నవి కాగితం పటాల స్కాన్లే,
చెదలు తిన్న మూలలతో సహా.

తాత నవ్వాడు.
"మా అయ్య కొలిసినప్పుడు
ఒకటనీవోడు కాదు, లాబం అనీవోడు.
ఏళ్ళు సాలకపోతే పక్కన రాయి ఎట్టీవోడు.
నువ్వూ ఎట్టు."

రాయి పెట్టాలంటే కొలత ఆపాలి.
మండలాఫీసులన్నీ పడుకున్నాక డిస్కుని విప్పి
ముందు తనిఖీ,
తర్వాత గళ్ళు అరవై నాలుగు చెయ్యడం.
మధ్యలో కరెంటు పోతే
ఉన్న ఊళ్ళూ ఉండవు.
నకలు తీసే ఉంచాను. అయినా
ఎంటర్ మీద వేలు
కాసేపలాగే ఉండిపోయింది.

మూడున్నరకి తాత టీ తెచ్చి
బకెట్టు పారబోసి మళ్ళీ పెట్టాడు.

ఐదింటికి మొదటి బొమ్మ లోపలికొచ్చింది.
చోడిచేను. గట్టు మీద ఒకామె.
పైనుంచి మొహం కనబడదు,
నుదుటికడ్డం పెట్టిన మోచెయ్యి, పొడుగాటి నీడ, అంతే.
ఆమె దిగిన కుంచం నంబరు
నాలుగువందల ఇరవై తొమ్మిది కోట్ల
నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల
రెండువందల తొంభై ఆరు.

యంత్రం సున్నాతో మొదలెడుతుంది,
తాత వాళ్ళయ్య లాభంతో.
ఒకటి అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు.
నేను ఆ అంకె చూస్తూ పైకే అన్నాను:
లాభం.

బయట తాత సైకిలు స్టాండు తీస్తున్నాడు.
రెండు అన్నాడో ఏమో,
వినబడలేదు.