తెలిసి

జార్జిటౌను కోర్టులో నాకు కుర్చీ లేదు.
బోనుకీ బల్లకీ మధ్య నిలబడి
ఒకరి నోట్లో మాట తీసి
ఇంకొకరి చెవిలో వేస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడ
ఒక్క మాటా సొంతంగా ఆడలేదు.

ఇవాళ బోనులో దేశింగు.
కాశిమేడులో పాత ఇంజన్ల కొట్టు.
తమిళం వచ్చు,
భయం వేస్తే మాత్రం తెలుగే వస్తుంది.

కొన్నది ఒక పడవ ఇంజను.
నడిసముద్రంలో కత్తులు చూపించి
వలలూ, ఐసుపెట్టెలో చేపలూ,
తాగే నీళ్ల డబ్బాతో సహా
ఊడ్చుకుపోయినవాళ్ల దగ్గర కొన్నాడు.
పడవ మూడు రోజులు ఊరికే తేలింది.
పడవ మనిషి అంకాలు సాక్ష్యం చెబుతూ చెబుతూ
పెదవులు తుడుచుకుంటున్నాడు,
ఉప్పు ఇంకా అక్కడే ఉన్నట్టు.

దోచుకున్నవాళ్లు దొరకలేదు.
సముద్రానికి డోర్ నంబర్లు ఉండవు.
దొరికింది కొన్నవాడు.

సెక్షను మొత్తం ఒక్క మాట పట్టుకు వేలాడుతోంది.
దొంగసొత్తని తెలిసి పుచ్చుకుంటే నేరం,
తెలియక పుచ్చుకుంటే బేరం.

జడ్జిగారు అడిగారు, నేను అడిగాను:
నీకు తెలుసా?
“తెల్దమ్మా. నేనడగలా. వాళ్లు చెప్పలా.”

ఆ ‘అడగలా’ని
ఇంగ్లీషులోకి దించాను. తేలిగ్గా దిగింది.
బరువు మాత్రం ఇవతలే ఉండిపోయింది.
అడిగితే తెలిసిపోతుందని తెలిసినవాడే కదా
అడగకుండా ఉంటాడు.
తెలిసీ తెలియనట్టు, అంటాం మనం.
అది ఏ సెక్షనులోనూ లేదు.

రాత్రి రెండు గంటలు. నాలుగో వంతు ధర.
నంబరు గీకేసిన ఇంజను.
ప్లీడరు లేచి
మా కక్షిదారుకు చదువు రాదండీ, అంకె ఉన్నా ఒకటే
లేకున్నా ఒకటే, అన్నాడు.

అప్పుడు అంకాలు, ఎవరూ అడక్కుండానే:
“ఆయుధపూజకి మా పాప పెట్టిన బొట్టుంది సామీ,
మూత లోపల. దాన్నెవురు తుడిచినారు?”

నేను నోరు తెరిచేలోపే
దేశింగు చెయ్యి లుంగీ మీదికి పోయింది.
బొటనవేలు రుద్దుకున్నాడు,
రుద్దుకున్నాడు,
పసుపు వదలనట్టు.

అది నేను చూశాను.
రికార్డుకి ఎక్కించలేదు.
చేతుల్ని తర్జుమా చేసే అధికారం నాకు లేదు,
అనుకున్నాను.

సాయంత్రం బీచి స్టేషన్లో
తాంబరం బండి ఎప్పుడొస్తుందో అని
వాచీ చూసుకున్నాను.
బర్మా బజారులో కొన్నది. నాలుగో వంతు ధర.
డబ్బా లేదు, రసీదు లేదు.
వెనక బిళ్ల మీద ఎవరివో రెండక్షరాలు.
పదకొండేళ్లు.
అడగలా.

పట్టీ వదులు చేసి చూస్తే
మణికట్టు మీద ఆ రెండూ అచ్చుపడి ఉన్నాయి,
తిరగబడి.
అందుకే చదవలేకపోయానని
ఎవరన్నా అడిగితే
చెప్పొచ్చు.